కుర్చీ దిగడం తెలిసిన మనిషి: చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి ప్రజాజీవితం

(మాయాబందర్‌లో ఇచ్చిన స్మారక ఉపన్యాసం)

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ బాబులూ, ముందు వరసలో రెండు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. అవి పెద్దమనుషులకని ఎవరూ రాసిపెట్టలేదు.

నిన్న పోర్ట్‌బ్లెయిర్ నుంచి తెల్లారకముందే బయల్దేరాను. ఇప్పుడు శ్రీ విజయపురం అనాలి, నా నాలుకకి ఇంకా అలవాటు కాలేదు, క్షమించాలి. జిర్కాటాంగ్ దగ్గర కాన్వాయ్ కోసం బళ్లన్నీ వరసలో ఆగినప్పుడు పక్క బస్సులోంచి "ఏటి బావా, ఎప్పుడొచ్చినావు?" అన్న పలకరింపు వినపడింది. కళ్లు మూసుకుంటే అది శ్రీకాకుళం బస్టాండే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి సుమారు పదముగ్గురు తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు. వారిలో ఎక్కువమంది మూలాలు ఆ ఉత్తరాంధ్ర తీరంలోనే ఉన్నాయి. మనం ఈరోజు తలుచుకుంటున్న మనిషిదీ ఆ నేలే.

చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి గారు 1880 ఏప్రిల్ 10న విజయనగరంలో పుట్టారు. 1941 జూలై 1న అలహాబాదులో పోయారు. అరవై ఒక్కేళ్ల బతుకులో ముప్పై ఏళ్లకు పైగా హిందీ మాట్లాడే జనం మధ్య గడిపారు. వాళ్ల పత్రికకు సంపాదకుడయ్యారు, వాళ్ల శాసనసభలో కూర్చున్నారు, వాళ్ల పిల్లల చదువులకు మంత్రి అయ్యారు. మీ తాతల్లో కొందరు కూలికి, కొందరు వేటకి, కొందరు సర్కారు పనికి సముద్రం దాటి ఇక్కడికి వచ్చారు. ఆయన కలం పనికి గంగ ఒడ్డుకు వెళ్లాడు. పొట్ట చేతపట్టుకుని పోయిన తెలుగువాళ్లలో ఆయనా ఒకడు, అంతే.

ఇందాక టీ తాగుతుంటే ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి అడిగారు: "బాబూ, ఈయన జైలుకెళ్లేడా?" లేదండీ, వెళ్లలేదు అన్నాను. "మరి ఈ గడ్డ మీద ఆయనకి సభేటి?" అన్నారు. ఆ ప్రశ్నకు అక్కడ నిలబడి జవాబు చెప్పలేకపోయాను. ఈ ఉపన్యాసమంతా ఆ పెద్దాయనకు చెప్పే జవాబే అనుకోండి.

1

ఈ దీవుల్లో స్మారకం అనగానే సెల్యులార్ జైలే గుర్తొస్తుంది. న్యాయమే. రంప పితూరీల్లో పట్టుబడ్డ మన్యం మనుషుల్ని ఇక్కడికే తోలారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి గారు ఈ జైల్లోనే ఉన్నారు. 1933 నిరాహారదీక్షలో మహావీర్ సింగ్ అనే యువకుడికి బలవంతాన పాలు పట్టబోతే, ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి మే 17న ప్రాణం వదిలాడు. ఆయనది సంయుక్త రాష్ట్రాల్లోని ఎటా జిల్లా. ఇప్పుడు మనం ఉత్తరప్రదేశ్ అంటున్న నేల అది. అలహాబాదులో చింతామణి గారు పత్రిక నడుపుతున్నదీ, శాసనమండలిలో ప్రతిపక్షాన కూర్చుని ఉన్నదీ ఆ రాష్ట్రంలోనే, ఆ ఏడే. ఒకరు అక్కడినుంచి ఇక్కడికి వచ్చి చనిపోయారు. ఇంకొకరు మన ఊళ్లనుంచి అక్కడికి పోయి ప్రభుత్వాన్ని నిలదీశారు. ఇద్దరి దారులూ ఎక్కడా కలవలేదు. మహావీర్ సింగ్ ముందు నేను చేతులెత్తి మొక్కుతాను. చింతామణి ముందు కూర్చుని పాఠం చెప్పించుకుంటాను.

చింతామణి లిబరల్. ఆ మాటకు మనవాళ్లు మితవాది అని అర్థం చెప్పుకున్నారు. ఆ మాటలో కొంచెం వెక్కిరింత కూడా కలిసిపోయింది. అర్జీలు రాసేవాళ్లు, కోటుబూటు వేసుకుని దొరలతో టీ తాగేవాళ్లు అని. జవాహర్‌లాల్ నెహ్రూ తన ఆత్మకథలో లిబరళ్ల ఆలోచనాధోరణి మీద ఒక అధ్యాయమే రాసి చురకలు వేశారు. ఆ చురకల్లో కొన్ని తగలవలసిన చోటే తగిలాయి, ఆ సంగతికి తర్వాత వస్తాను. కానీ చింతామణి విషయంలో ఒక్క సంగతి చూడండి. సుమారు నలభై ఏళ్ల ప్రజాజీవితంలో ఆయన అధికారంలో ఉన్నది మూడేళ్లు కూడా లేదు. మిగతా ముప్పై ఏడేళ్లూ ఆయన చేసిన పని అధికారంలో ఉన్నవాణ్ణి లెక్క అడగడం. అధికారంలో ఉన్న ఆ కొద్దికాలం కూడా, నాకిచ్చిన అధికారం ఎంత అని పైవాణ్ణి అడిగాడు. జవాబు నచ్చకపోతే దిగిపోయాడు. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. లెక్క అడగడం కూడా ఒక ఉద్యోగమే, దానికి తర్ఫీదు కావాలి, ఆ తర్ఫీదు ఎలా వస్తుందో చింతామణి జీవితంలో కనపడుతుంది.

2

ఆయన చదువు సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ కాలేజీ కుర్రాళ్లున్నారు. విజయనగరం మహారాజా కాలేజీలో చేరారు కానీ పట్టా చేతికి రాలేదు. ఆరోగ్యం మొదటినుంచీ అంతంతమాత్రమే. అయితే విజయనగరం అప్పట్లో మామూలు ఊరు కాదు. 1892లో 'కన్యాశుల్కం' అక్కడే మొదటిసారి ఆడారు. అప్పటికి చింతామణికి పన్నెండేళ్లు. వీరేశలింగం గారి వితంతు వివాహాల వేడి గోదావరి తీరంనుంచి ఇటు వ్యాపించి ఉంది. ఆ గాలి పీల్చిన కుర్రాడు ఇరవయ్యేళ్ల ప్రాయంలోనే 'వైజాగ్ స్పెక్టేటర్' అనే చిన్న ఇంగ్లీషు పత్రికను నడిపాడు. తర్వాత దాన్నే 'ఇండియన్ హెరాల్డ్' చేశాడు. అది ఎక్కువకాలం బతకలేదు. చిన్న ఊళ్లో పత్రిక పెట్టి చేతులు కాల్చుకోవడం మనకు కొత్తేమీ కాదు కదా.

1901లో, అంటే ఇరవై ఒకటో ఏట, 'ఇండియన్ సోషల్ రిఫార్మ్' అనే లావుపాటి సంపుటం ఆయన సంపాదకత్వంలో మద్రాసులో అచ్చయింది. బాల్యవివాహాలు, వితంతువులు, కులం, విదేశయానం వంటి విషయాల మీద దేశంలోని సంస్కర్తల వ్యాసాలూ ప్రసంగాలూ ఒకచోట చేర్చిన పుస్తకం. సముద్రం దాటితే కులం పోతుందా అని అప్పటి పెద్దలు తర్కించుకున్నారు. ఓడెక్కి వచ్చి ఇక్కడ మూడు తరాలు గడిపిన మీకు నవ్వు రావచ్చు.

1905లో ఆయన ఇంకో పని చేశారు. బొంబాయి నాయకుడు ఫిరోజ్‌షా మెహతా ప్రసంగాలూ రచనలూ సేకరించి అలహాబాదునుంచి అచ్చువేశారు. మెహతాను ఆయన గురువుగా చూసుకున్నారు. ఎందుకని ఆలోచించండి. మెహతా గొప్పదనం అంతా ఎక్కడ మొదలైంది? బొంబాయి మునిసిపాలిటీలో. నీళ్లు, మురుగుకాలువలు, పన్నులు, వార్డుల ఎన్నికలు, వీటి మీద ఏళ్ల తరబడి కూర్చుని వాదించి, 1888 నాటి బొంబాయి మునిసిపల్ చట్టానికి రూపమిచ్చినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఇంపీరియల్ శాసనమండలికి వెళ్లి వైస్రాయి ముందు నిలబడ్డ మెహతాకు ఆ ధైర్యం మురుగుకాలువల పద్దులు చదివిన అలవాటునుంచే వచ్చిందని నాకనిపిస్తుంది. చింతామణి మునిసిపాలిటీలో కూర్చోలేదు. కానీ మునిసిపాలిటీలో తయారైన మనిషి మాటల్ని అక్షరం అక్షరం చదివి, ప్రూఫులు దిద్ది, పుస్తకం వేశాడు. ప్రూఫులు దిద్దినవాడికి ఆ పుస్తకం కంఠస్థం వస్తుంది. అచ్చు పని తెలిసినవాళ్లు ఈ మాట ఒప్పుకుంటారు.

1909లో మదనమోహన మాలవ్యా గారు అలహాబాదులో 'లీడర్' పత్రిక పెట్టారు. చింతామణి దానికి సంపాదకుల్లో ఒకరిగా చేరి, కొద్దికాలానికే పత్రిక అంటే ఆయనే అన్నంతగా ఎదిగారు. డైరెక్టర్ల బోర్డుకు మొదటి అధ్యక్షుడు మోతీలాల్ నెహ్రూ. ఆ మోతీలాల్ గారికీ చింతామణికీ రాజకీయాల్లో పొసగక, చివరికి మోతీలాల్ గారు 1919లో 'ఇండిపెండెంట్' అనే వేరే పత్రిక పెట్టుకున్నారు. యజమాని మాటకు సంపాదకుడు తల ఊపకపోతే యజమానే వేరే పత్రిక పెట్టుకున్న సంగతి ఇది. ఇప్పటి పత్రికల్లో పనిచేసే మిత్రులు ఇక్కడెవరైనా ఉంటే వాళ్లకు ఇంతకుమించి చెప్పను.

3

ఇప్పుడు అసలు ఘట్టం. కాస్త నిదానంగా చెబుతాను.

1919 చట్టంతో రాష్ట్రాలకు ద్వంద్వ పరిపాలన వచ్చింది. చదువు, స్థానిక సంస్థలు, ప్రజారోగ్యం, వ్యవసాయం, పరిశ్రమలు వంటివి భారతీయ మంత్రులకు ఇచ్చారు. పోలీసు, భూమిశిస్తు, న్యాయం, అన్నిటికన్నా ముఖ్యంగా ఖజానా, గవర్నరు గారి చేతికింద అట్టే ఉంచుకున్నారు. కొత్త కోడలికి వంటిల్లు అప్పగించి బియ్యం కొట్టు తాళం అత్తగారి నడుముకే ఉంచుకోవడం మీకందరికీ తెలుసు. వంట బాగాలేకపోతే మాట కోడలికే.

కాంగ్రెసు ఈ పద్ధతిని కాదంది. 1920 డిసెంబరులో నాగపూరులో సహాయనిరాకరణ తీర్మానం ఖాయమైంది. అదే డిసెంబరులో మద్రాసులో నేషనల్ లిబరల్ ఫెడరేషన్ మహాసభ జరిగింది. దానికి అధ్యక్షుడు మన చింతామణి, వయసు నలభై. ఇచ్చింది చాలా తక్కువే, కానీ దాన్ని పట్టుకుని పనిచేస్తేనే ఎక్కువ అడగగలం అన్నది వాళ్ల వాదం. మరుసటి నెలలో ఆయన సంయుక్త రాష్ట్రాలకు విద్య, పరిశ్రమల మంత్రి అయ్యారు. విజయనగరం కాలేజీలో పట్టా పూర్తిచేయని మనిషి, గంగా యమునల దేశానికి విద్యామంత్రి.

ఆ రోజుల్లో ఆ రాష్ట్రంలో చదువు స్వరూపమే మారింది. అలహాబాదు విశ్వవిద్యాలయం 1921 చట్టంతో పాఠాలు చెప్పే విశ్వవిద్యాలయంగా కొత్త రూపం పొందింది. కాన్పూరులో పరిశ్రమలకు కావలసిన సాంకేతిక విద్యాసంస్థ ఆ ఏడే మొదలైంది. అన్నిటికన్నా దూరం పోయింది 1921 నాటి ఇంటర్మీడియట్ విద్యా చట్టం. అప్పటిదాకా మెట్రిక్ పరీక్షలూ, వాటి పైతరగతులూ విశ్వవిద్యాలయాల పెత్తనంలో ఉండేవి. వాటిని విడదీసి హైస్కూలు, ఇంటర్మీడియట్ విద్యకు ఒక ప్రత్యేకమైన బోర్డు పెట్టారు. ఆ తరహా బోర్డు దేశంలో అదే మొదటిది. రాజపుతానా, సెంట్రల్ ఇండియా, గ్వాలియరు పాఠశాలలూ మొదట దాని పరిధిలోనే ఉండేవి. 1929లో వాటికి అజ్మీరులో వేరే బోర్డు ఏర్పడింది. ఆ అజ్మీరు బోర్డుకే 1952లో సెంట్రల్ బోర్డ్ ఆఫ్ సెకండరీ ఎడ్యుకేషన్ అని పేరు మార్చారు.

అంటే మన సీబీఎస్ఈ.

ఇందాక ఒక అమ్మాయి తన పన్నెండో తరగతి మార్కుల పత్రం తెచ్చి చూపించింది. తడి తగలకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును మళ్లీ ఒక గుడ్డసంచిలో పెట్టుకుంది. ఇక్కడి వానలు తెలిసినవాళ్ల జాగ్రత్త అది. ఆ కాగితం మీద బోర్డు పేరు దేవనాగరిలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులో చెప్పాక, "మా తాతది పలాస దగ్గర సార్" అంది. అమ్మా, నీ కాగితం మీదున్న ఆ బోర్డు వంశవృక్షం పట్టుకుని పైకి పాకితే, పై కొమ్మ దగ్గర విద్యామంత్రిగా కూర్చుని ఉన్నది విజయనగరం మనిషి. దీవుల్లో పరీక్ష రాసిన ఏ పిల్లకూ ఈ సంగతి చెప్పినవాళ్లున్నట్టు లేరు. ఉపన్యాసం ఇక్కడితో ఆపేసినా నా ప్రయాణం ఖర్చు దక్కినట్టే.

ఆపను లెండి.

అంత పని జరిగినా డబ్బు ఆయన చేతిలో లేదు. కొత్త బడి కావాలంటే ఖజానా చూసే సభ్యుడి దగ్గరకు పోవాలి. ఇది ఆయన ఒక్కడి బాధ కాదు. మద్రాసు రాష్ట్రంలో జస్టిస్ పార్టీ తరఫున అభివృద్ధి మంత్రిగా ఉన్న కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారు మన తెలుగువారే. 1924లో సంస్కరణల విచారణ సంఘం ముందు ఆయన తన గోడు వెళ్లబోసుకున్న తీరుకు దేశమంతా నవ్వుకుంది. నేను అభివృద్ధి మంత్రిని, కానీ అడవులు నావి కావు. వ్యవసాయ మంత్రిని, కానీ నీటిపారుదల నాది కాదు. పరిశ్రమల మంత్రిని, కానీ ఫ్యాక్టరీలు నావి కావు అని ఆయన సాక్ష్యం సారాంశం. అడవులు లేని అభివృద్ధి మంత్రి అంటే మాయాబందర్ వాళ్లకు నేను వివరించక్కర్లేదు. ఈ దీవుల నేలలో నూటికి ఎనభై వంతులకు పైగా అడవి శాఖదే. మీ పంచాయతీ ఒక కల్వర్టు వేయాలంటే ఎన్ని గుమ్మాలెక్కాలో మీకే బాగా తెలుసు.

ఆ సంఘం ముందు చింతామణి కూడా సాక్ష్యమిచ్చారు. అప్పటికి ఆయన మాజీ మంత్రి.

4

మాజీ ఎలా అయ్యారంటే, రాజీనామా చేశారు. మొదటి గవర్నరు హార్కోర్ట్ బట్లర్ ఉన్నంతకాలం బండి నడిచింది. ఆయన వెళ్లి విలియం మారిస్ వచ్చాక మంత్రుల మాట చెల్లడం తగ్గింది. ఈ మారిస్ గారు ఎవరనుకున్నారు? ఇదే సంస్కరణల అమలు చూసేందుకు అంతకుముందు రిఫారమ్స్ కమిషనరుగా పనిచేసిన పెద్దమనిషి. చట్టం రాసేటప్పుడున్న ఉదారత్వం చట్టం నడిపేటప్పుడు లేకుండా పోయింది. 1923లో చింతామణి, ఆయన సహచర మంత్రి జగత్ నారాయణ్, ఇద్దరూ కలిసి రాజీనామా ఇచ్చేశారు. చింతామణి మళ్లీ 'లీడర్' పనికి తిరిగి వెళ్లారు.

ఇక్కడ నా సొంత ముచ్చట ఒకటి. చాలా ఏళ్ల కిందట నేనొక చిన్న పట్నంలో వార్డు సభ్యుణ్ణి. ఒక కాలువ పని పూర్తయిందని కాగితం వచ్చింది. అందరూ సంతకం పెట్టారు, నేనూ పెట్టాను. కాలువ దగ్గరకు వెళ్లి చూడలేదు. వానాకాలం వచ్చాక ఆ వీధి ఆడవాళ్లు బిందెలతో మా ఇంటి ముందుకొచ్చి, "బాబూ, మీరు సంతకం పెట్టిన కాలువెక్కడుందో చూపించండి, బట్టలుతుక్కుంటాం" అన్నారు. నేను రాజీనామా చేయలేదు. పదవీకాలం ముగిసేదాకా ఆ కుర్చీలోనే కూర్చున్నాను. చింతామణి గురించి మాట్లాడేటప్పుడల్లా నాకు ఆ బిందెల చప్పుడే వినపడుతుంది.

రాజీనామా తర్వాత ఆయన పని తగ్గలేదు. 1927నుంచి 1936దాకా మళ్లీ శాసనమండలిలో ఉన్నారు, ఈసారి ప్రతిపక్షాన. లిబరల్ ఫెడరేషన్‌కు ఏళ్ల తరబడి ప్రధాన కార్యదర్శి. భారతీయుడొక్కడూ లేని సైమన్ కమిషన్‌ను బహిష్కరించాలన్నప్పుడు, మితవాదులు ముందుకొస్తారా అని అనుమానపడ్డవాళ్లకు ఆయన 'లీడర్'లోనే జవాబిచ్చారు. 1930లో లండన్‌లో జరిగిన మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లారు. ఆ సమావేశానికే ఏలూరునుంచి మోచర్ల రామచంద్రరావు గారూ వెళ్లారు. ఆయన గురించి ఇంకో ఏడు ఇంకెవరైనా చెబితే వినాలని ఉంది. 1931లో చింతామణి రెండోసారి ఫెడరేషన్ అధ్యక్షులయ్యారు. తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పిలిస్తే వాల్తేరు వచ్చి, సిపాయిల తిరుగుబాటు తర్వాతి భారత రాజకీయాల మీద ఉపన్యాసాలిచ్చారు. అవి 1937లో పుస్తకమయ్యాయి. నేను ఇక్కడ చేస్తున్న పని కూడా అలాంటిదే కదా అని మురిసిపోదామనుకున్నాను. ఆయన చేతిలో కాగితం లేకుండా సంవత్సరాలు, అంకెలు వల్లించేవారట. నా చేతిలో ఈ కాగితాలు చూస్తున్నారుగా.

ఎందుకిదంతా? మంత్రిగా ఉన్నప్పటికంటే ప్రతిపక్షంలో ఆయన బలం ఎక్కువ. ఎందుకంటే మంత్రిగా ఉన్న రోజుల్లో ఏ ఫైలు ఏ గదిలో ఆగుతుందో, ఏ సంతకం లేకపోతే డబ్బు కదలదో చూసి వచ్చారు. ఆ తెలివితో అడిగే ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర తప్పించుకునే దారి ఉండదు. ఊరికే కేకలు వేసేవాడికి ఎవరూ భయపడరు. పద్దు నంబరుతో అడిగేవాడికి గుమస్తా దగ్గరనుంచి గవర్నరుదాకా జంకుతారు.

5

ఇంత మంచి చెప్పాక చెడు దాచకూడదు. నా ఉద్దేశంలో చింతామణి తప్పులు రెండు.

మొదటిది పెద్దది. 1921 డిసెంబరులో మోతీలాల్, జవాహర్‌లాల్ నెహ్రూలను అలహాబాదులో అరెస్టు చేశారు. వేలమంది జైళ్లకు పోయారు. పోలీసు శాఖ మంత్రులది కాదు, నిజమే. కానీ ఆ ప్రభుత్వం పేరులో మంత్రుల పేరూ ఉంది. వంటిల్లు మాత్రమే నాది, వీధిగది సంగతి నాకు తెలియదని కోడలు అనొచ్చు కానీ ఇల్లు తగలబడుతుంటే ఆ మాట ఎవరు వింటారు? 1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో ఇరవై రెండుమంది పోలీసులు మంటల్లో పోయారు, తర్వాత అంతకు మించిన ప్రతీకారం జరిగింది. ఆ మంత్రివర్గం అప్పుడూ కొనసాగింది. గవర్నరు తన మాట వినలేదని 1923లో దిగిపోయిన మనిషి, జనం జైళ్లకు పోతున్న 1921లో ఎందుకు దిగలేదు? నేను ఆయన పక్షాన ఎంత వాదించబోయినా ఈ ప్రశ్న దగ్గర గొంతు పట్టేస్తుంది. మహావీర్ సింగ్ పటం ముందు నిలబడితే ఇంకా పట్టేస్తుంది.

రెండోది భాష. హిందీ నేల మీద ముప్పై ఏళ్లకు పైగా ఉన్నా ఆయన ఆయుధం ఇంగ్లీషే. ఆయన రాసింది వకీళ్లు, మేష్టర్లు, దొరలు చదివారు. పొలంలో ఉన్నవాడికి చేరలేదు. లిబరల్ పార్టీలో అందరూ తలలే, కాళ్లు లేవని అప్పట్లో ఎగతాళి ఉండేది. ఓటు హక్కు విస్తరించిన 1937 ఎన్నికల్లో ఆ కాళ్లు లేకపోవడం బయటపడింది. ఆ పార్టీ నామమాత్రంగా మిగిలింది. గాంధీగారు చీపురు పట్టుకుని ఊళ్లోకి వెళ్లినప్పుడు వీళ్లు మండలిలో సవరణ ప్రతిపాదిస్తున్నారు.

అయినా ఒక తీర్పు చెప్పమంటే చెబుతాను. స్వాతంత్ర్యం తెచ్చినవాళ్లలో చింతామణి పేరు ముందు వరసలో రాదు. వచ్చిన స్వాతంత్ర్యాన్ని శాసనసభల్లో ఎలా నడపాలో, పద్దు ఎలా చదవాలో, మంత్రిని ఎలా నిలదీయాలో ముందుగా సాధన చేసినవాళ్లలో ఆయన పేరు ముందు వరసలోనే ఉంటుంది.

6

ఇక మాయాబందర్ సంగతి.

ఈ దీవులకు శాసనసభ లేదు. లోక్‌సభకు ఒక్క సీటు. అది కూడా 1967దాకా రాష్ట్రపతి నియమించిన సభ్యుడిదే. ఆ ఏడే మొదటిసారి మీ పెద్దలు ఓటు వేసి ఢిల్లీకి మనిషిని పంపారు. పంచాయతీల నిబంధన 1994లో వచ్చింది, దాని కింద గ్రామపంచాయతీలు, పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తు ఏర్పడ్డాయి. 2006లో ఉత్తర, మధ్య అండమాన్ వేరే జిల్లా అయి, దాని కేంద్రం మీ ఊరైంది. అంటే ఈ ఊళ్లో వార్డు సభ్యుడికీ ఢిల్లీలో ఎంపీకీ మధ్య ఎన్నికైన మెట్లు ఎన్నో లేవు. చింతామణికి మండలి ఉంది, అక్కడ నిలబడి అడిగితే జవాబు అచ్చయ్యేది. మీకు ఆ మండలి లేదు.

కాబట్టి ఇక్కడ గ్రామసభే మండలి. చింతామణి బెంగపెట్టుకున్న ద్వంద్వ పరిపాలన ఇక్కడ ఇంకా పూర్తిగా పోలేదని నా అభిప్రాయం. రోడ్డు పంచాయతీది, నేల అడవిది, ఇంజనీరు ఇంకో ఆఫీసు మనిషి, డబ్బు మరో చోటునుంచి. 2002లో సుప్రీంకోర్టు ఉత్తర్వు తర్వాత చెట్టు కొట్టడం దాదాపు ఆగింది. అడవికి అది మంచిదే, నేను కాదనను. కానీ దానిమీద బతికిన కుటుంబాలకు బదులు పని ఏమిచ్చారని అడిగే వేదిక ఏది? వెబీలో కారెన్ కుటుంబాలున్నాయి, 1925నుంచి ఇక్కడివాళ్లు. రాంచీనుంచి అడవి కూలికి వచ్చినవాళ్ల పిల్లలున్నారు, తూర్పు బెంగాలునుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లున్నారు, మనం ఉన్నాం. వీళ్లందరి మాటా ఒకే గదిలో వినపడే చోటు గ్రామసభ ఒక్కటే.

ఒక మనవి కూడా ఉంది. తెలుగువాళ్లం గ్రామసభకు వెళితే మనవాడు గెలిచాడా లేదా అన్నంతవరకే చూస్తున్నాం. చింతామణి అలహాబాదులో తెలుగువాళ్ల నాయకుడు కాలేదు. అక్కడ తెలుగువాళ్లు ఎంతమందుంటారు గనక! అక్కడి పిల్లలందరి బళ్ల గురించి అడిగాడు. అందుకే వాళ్లు ఆయన్ను పరాయివాడు అనుకోలేదు.

టీ దగ్గర నన్ను నిలదీసిన పెద్దాయన మూడో వరసలో ఉన్నారు. బాబూ, జైలుకెళ్లనివాడికి ఈ గడ్డ మీద సభ ఎందుకో నాకు తోచిన జవాబు చెప్పాను. మిగతాది మీ చేతుల్లో ఉంది. వచ్చే గ్రామసభకు మీ మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లండి. కిందటేడు జమాఖర్చుల పుస్తకం చూపించమని ఆ అమ్మాయి చేత అడిగించండి. కోపంగా వద్దు. ఏ పని, ఏ తేదీన, ఎంత ఖర్చు అని మాత్రం అడగమనండి. వాళ్లు వచ్చే సభలో చూపిస్తామంటే, ఆ మాట మినిట్సు పుస్తకంలో రాయించి, కింద మీ ఇద్దరూ సంతకం పెట్టి రండి.